రిపోర్టులు నార్మల్, నొప్పి మాత్రం అలాగే ఉంది

సంపాదకుడు గారికి,

ఏళ్ల తరబడి కడుపునొప్పితో బాధపడుతూ, అది ఏ జబ్బో తెలియక డాక్టర్ల చుట్టూ తిరుగుతున్నవాళ్లలో నేనూ ఒకదాన్ని. స్కానింగులు, ఎండోస్కోపీ, రక్తపరీక్షలు అన్నీ అయ్యాయి. ప్రతిచోటా ఒకే మాట: ‘అంతా నార్మల్, ఆందోళన తగ్గించుకోండి.’ ఆ మాట విన్నాక ఇంట్లోవాళ్లకూ అనుమానం మొదలవుతుంది, నిజంగా నొప్పేనా అని. దాన్ని భరించడం నొప్పిని భరించడం కన్నా కష్టం.

రిపోర్టులో ఏమీ లేదంటే ఆ పరీక్షకు ఏమీ కనబడలేదనే కదా! ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పునరుత్పత్తి వయసు మహిళల్లో దాదాపు 10 శాతం మందికి ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొర లాంటి కణజాలం గర్భాశయం బయట పెరిగే జబ్బు) ఉంది. అయినా మామూలు అల్ట్రాసౌండ్‌లో అది చాలాసార్లు దొరకదు. నెలసరి నొప్పి అందరికీ ఉండేదేనంటూ కొట్టిపారేయడంతో అది బయటపడేసరికి ఏళ్లు గడిచిపోతాయి. పోర్ఫిరియా అనే అరుదైన జబ్బుకు నొప్పి వచ్చినప్పుడే మూత్రపరీక్ష చేయాలి, తగ్గాక చేస్తే తప్పిపోవచ్చు. పేగు పనితీరులో తేడా వచ్చే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్‌లోనైతే పేగు చూడటానికి బాగానే ఉంటుంది. రోగి చెప్పేది ఓపికగా వింటేనే దాన్ని గుర్తించగలరు.

ఒక డాక్టరు మాత్రం నా రిపోర్టుల కట్ట పక్కన పెట్టి, వెల్లకిలా పడుకోమన్నారు. నొప్పి ఉన్నచోట వేలితో నొక్కి పట్టి, చేతుల ఆసరా లేకుండా తల, భుజాలు పైకెత్తమన్నారు. పొట్ట బిగించినప్పుడు నొప్పి పెరిగినా, అలాగే ఉన్నా అది పొట్ట గోడలో, అంటే పొట్ట మీది కండరాల పొరలో, నొక్కుకుపోయిన నరం వల్ల కావచ్చట. తగ్గితే మూలం లోపలి అవయవాల్లో ఉండవచ్చట. కార్నెట్ అనే సర్జన్ 1926లోనే వివరించిన పరీక్ష ఇది. నిమిషం పట్టదు, యంత్రం అక్కర్లేదు. నాకు నొప్పి తగ్గింది. జబ్బేమిటో తేలలేదు కానీ, ‘పొట్ట గోడ నొప్పి కాకపోవచ్చు’ అని ఆయన చీటీలో రాశారు. ఆ తర్వాత చూసిన డాక్టరు అక్కడి నుంచే ముందుకు వెళ్లగలిగారు. అంతకు ముందు ప్రతిసారీ కథ మొదటికొచ్చేది.

ఇంకా స్కానింగులు చేయమని నేను అడగడం లేదు. అవసరం లేని సీటీ స్కానులతో రేడియేషన్ తప్ప ఒరిగేదేమీ లేదు. బరువు తగ్గడం, మలంలో రక్తం, నిద్రలోంచి లేపే నొప్పి ఉంటే వెంటనే చూడాల్సిందే. మిగతావారికి కూడా పేరు తేలేదాకా నొప్పికి వైద్యం ఆపకూడదు. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ, దీర్ఘకాలిక నొప్పిని దానంతటదే ఒక జబ్బుగా గుర్తించింది.

ఆరోగ్య శాఖల అధికారులకు నా విన్నపం ఇది. ఏయే జబ్బులు కావని తేలింది, ఇంకా ఏవి చూడాలి, మళ్లీ ఎప్పుడు రావాలి అనే మూడు విషయాలకు ప్రతి ఓపీ చీటీలో చోటు కేటాయించండి. దీర్ఘకాలిక నొప్పితో వచ్చే రోగి బాధ్యత మొదటి నుంచీ ఒక్క డాక్టరుకే అప్పగించండి.

— ఒక పాఠకురాలు