నెట్ ఆపేస్తే దేశభద్రత వచ్చేస్తుందా?

అయ్యా,

పోయిన ఆదివారం మీ పత్రికలో ఒక పాఠక మిత్రుడి ఉత్తరం చదివాక నాలుగు రోజులు ఊరుకుందామనే చూశాను, నావల్ల కాలేదు. యుద్ధ వాతావరణం రాగానే దేశమంతటా ఇంటర్నెట్ ఆపేయాలట. జనం చేతిలో ఫోన్లుండబట్టే ఈ పుకార్లన్నీ అట. పైగా, వారం రోజులు నెట్ లేకపోతే ఎవరూ చచ్చిపోరని ఒక ముక్తాయింపు. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ట్రంక్ కాల్ బుక్ చేసి తెల్లవార్లూ ఎక్స్ఛేంజి మెట్ల మీద కూర్చున్న మనుషుల్ని చూశాను. అవతల ఏమైందో తెలియకపోతే ఎట్లా ఉంటుందో ఆయన కంటే నాకు కాస్త ఎక్కువే తెలుసు.

2025 మే నెల ఎవరూ మర్చిపోయి ఉండరు. ఆపరేషన్ సిందూర్ మొదలైన మరునాడు రాత్రి మా ఎదురింటి ఆమె ఫోన్ పట్టుకుని పరుగున వచ్చింది. కొడుకు జమ్మూ వైపు డ్యూటీలో ఉన్నాడు. "అన్నా, ఇది మావాడుండే తావేనా, రవ్వంత సూడన్నా" అంటూ ఒక వీడియో చూపించింది. నల్లటి ఆకాశంలో నిప్పు గీతలు, కింద పేలుడు. నాకు మాత్రం ఏం తెలుసు? పొయ్యి మీద అన్నం మాడిపోయిన వాసన మా ఇంటిదాకా వచ్చినా ఆమె కదల్లేదు. తెల్లవారుజామున ఆ పిల్లవాడే వాట్సాప్‌లో 'బాగున్నా, తర్వాత చేస్తా' అని పెట్టాడు. అప్పుడు గానీ ఆమె గుక్కెడు నీళ్లు తాగలేదు. ఆ రోజుల్లో యుద్ధ దృశ్యాలంటూ తిరిగినవాటిలో ఆర్మా 3 అనే వీడియో గేమ్ ముక్కలు కూడా ఉన్నాయని కేంద్రం పీఐబీ వాళ్లే చెప్పారు. వాళ్లూ ఆ మాట చెప్పింది నెట్‌లోనే.

అదే రాత్రి టీవీలో ఏం జరిగిందో ఆ మిత్రుడు మర్చిపోయినట్టున్నారు. మన నేవీ కరాచీ రేవును తగలబెట్టేసిందని స్టూడియోల్లో సైరన్లు మోగించి మరీ చెప్పారు. తెల్లారి చూస్తే రేవు ఎక్కడున్నది అక్కడే ఉంది. నెట్ ఆపేసి ఉంటే ఎదురింటి ఆమెకు మిగిలేది ఆ సైరన్లే. ఆ రోజుల్లోనే మన గోరంట్ల మండలం కుర్రవాడు సరిహద్దులో ప్రాణాలిచ్చాడు కాబట్టి, మన ఉమ్మడి జిల్లావాళ్లకు యుద్ధం దూరపు ముచ్చటని ఎవరూ అనుకోనక్కర్లేదు. దళాల కదలికలు వీడియో తీసి పెట్టేవాణ్ణి లోపలేయండి, నేనూ చప్పట్లు కొడతాను. కానీ 8 వేలకు పైగా ఖాతాలు ఆపమని ప్రభుత్వం చెప్పిందని అప్పట్లో ఎక్స్ (పాత ట్విట్టర్) సంస్థే ప్రకటించింది. అందులో అబద్ధాలకోరులెందరు, నిజం రాసినవాళ్లెందరు? ఎవరినడగాలి?

అసలు ఇలా ఆపేయడానికి దేశంలో యుద్ధమే రానక్కర్లేదు. 2022 మేలో కోనసీమ జిల్లా పేరు మీద అమలాపురంలో గొడవలైతే రోజుల తరబడి నెట్ తీసేశారు. వర్క్ ఫ్రం హోమ్ పిల్లలు లాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్టుకు పోయారు. కశ్మీర్‌లో 2019 ఆగస్టులో ఆపితే 4జీ తిరిగొచ్చేసరికి 2021 ఫిబ్రవరి అయింది. ఈ మధ్యలోనే, 2020 జనవరి 10న, సుప్రీంకోర్టు అనూరాధా భసీన్ కేసులో స్పష్టంగా చెప్పింది: నిరవధికంగా ఆపడం కుదరదు, ఆపితే ఆ ఉత్తర్వు కారణాలతో సహా జనానికి తెలిసేలా ప్రకటించాలి. ఎంతమంది అధికారులు ఆ మాట చెవినేసుకున్నారో వాళ్లకే తెలియాలి. ఎమర్జెన్సీ పెట్టిన 1975 జూన్ 25 రాత్రి ఢిల్లీలో పేపర్లు అచ్చు కాకుండా ప్రెస్సులకు కరెంటు తీసేశారు. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. మరునాడు లైబ్రరీలో పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం ఇప్పటికీ కళ్లకు కడుతుంది. ఇప్పుడు ప్రెస్సుల దాకా పోనక్కర్లేదు.

నెట్‌లో యుద్ధం జరగదని నేననడం లేదు. 2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు ఉక్రెయిన్‌లోకి దిగడానికి కాస్త ముందే వయాశాట్ ఉపగ్రహ ఇంటర్నెట్ మీద దాడి జరిగి వేలాది మోడెములు పడిపోయాయి. దాంతో ఎక్కడో జర్మనీలో 5,800 గాలిమరలకు కంట్రోల్ రూముతో సంబంధం తెగిపోయింది. మన ఉరవకొండ, రాయదుర్గం దారిలో కొండల మీద తిరుగుతున్నవి ఏమిటో ఒక్కసారి తలెత్తి చూడండి. అదే ఏడాది నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ ఆస్పత్రి సర్వర్లను ఎవరో హ్యాక్ చేసి తాళం వేసేస్తే రెండు వారాల పాటు ఓపీ చీటీలు చేత్తో రాశారు. దాడి వచ్చేది ఇట్లా సర్వర్ల మీదికి. వాటి సంగతి చూడకుండా ఎదురింటి ఆమె ఫోన్ మూయిస్తారట!

మొన్న పని ఉండి మా ఊళ్లో ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లాను. కంప్యూటర్ అంచుకు పసుపు చీటీ అంటించి ఉంది. దాని మీద యూజర్ పేరు, పాస్‌వర్డ్, రెండూ పెద్దక్షరాల్లో. కళ్లజోడు లేకుండానే చదివేశాను. "ఏం నాయనా, ఇట్లా పెట్టుకున్నారు?" అంటే, "సార్, ముగ్గురం వాడతాం, మర్చిపోతాం" అన్నాడు. ఇక నా పని సంగతి అంటారా, సర్వర్ డౌన్. మూడోసారి డౌన్. రేషన్ వేలిముద్ర నెట్ మీదే, అడంగల్ దానిమీదే, ఫీజు రీయింబర్స్‌మెంట్ దానిమీదే. 2025 జనవరి నుంచి మన మిత్ర అని సర్టిఫికెట్లు కూడా వాట్సాప్‌లోనే తీసుకోమంటున్నారు. అన్నీ దాని మీదికే ఎక్కించి, వారం ఆపితే ఏమీ కాదని చెప్పడానికి నోరెలా వస్తుంది? మా రోజుల్లో లైను పోతే ఫలానా చోట కేబుల్ తెగిందని రిజిస్టర్‌లో టైముతో సహా రాసి సంతకం పెట్టేవాళ్లం. ఇప్పుడు ఎవరినడిగినా 'పైనుంచి' అంటారు.

రేపు మన జిల్లాలో నిజంగానే నెట్ ఆపాల్సిన అవసరం వస్తే ఆపండి. ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు, ఎప్పటిదాకా అన్నది తెలుగులో ఒక కాగితం రాసి ఊరూరా నోటీసు బోర్డుకు అంటించండి. నేను చెప్పిన ఆ కార్యాలయం బోర్డుకు అద్దం ఏనాడో పోయింది, పోయిన ఎన్నికల ఓటర్ల జాబితా చిరిగి ఇంకా వేలాడుతోంది. ముందు అది పీకేస్తే ఈ కాగితానికి చోటు దొరుకుతుంది.

– ఒక విశ్రాంత టెలిఫోన్స్ ఉద్యోగి, అనంతపురం