అతుకును పరీక్షించడం కూడా ఐటీఐలో నేర్పాలి

సంపాదకులకు,

అయ్యా,

మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లిలో లిథియం బ్యాటరీల పరిశ్రమకు 2023 మే నెలలో శంకుస్థాపన జరిగిన నాటి నుంచి, పాలమూరు యువతకు అక్కడ ఉద్యోగాలు దొరుకుతాయన్న మాట వింటూనే ఉన్నాం. అయితే ఆ పరిశ్రమకు కావలసిన అతుకు పని మన ఐటీఐల వెల్డర్ ట్రేడులో నేర్పేది కాదు. ఏడాది కోర్సులో ప్రధానంగా నేర్పే గ్యాస్, ఆర్క్, టిగ్, మిగ్ వెల్డింగులన్నీ లోహాన్ని కరిగించి అతికేవే. బ్యాటరీ సెల్‌లోనేమో వెంట్రుక కన్నా పలుచని రాగి, అల్యూమినియం రేకులను దొంతరగా పేర్చి ట్యాబ్‌కు, అంటే కరెంటును సెల్ బయటకు తెచ్చే లోహపు పట్టీకి, అతకాలి. అక్కడ మంట తగిలితే రేకుకు చిల్లే. అందుకే అల్ట్రాసోనిక్ వెల్డింగ్ వాడతారు. సెకనుకు 20 వేల నుంచి 40 వేల సార్లు కంపించే హార్న్ అనే లోహపు పనిముట్టు, రేకులను కింది దిమ్మెకు అదిమిపట్టి రుద్దుతుంది. ఆ రాపిడికి ఆక్సైడ్ పొర చెదిరి, లోహం కరగకుండానే లోహంతో కలిసిపోతుంది. ఇదంతా సాధారణంగా ఒక్క సెకను లోపు పని.

మెషిన్ నడపడం కొద్ది రోజుల్లో అబ్బుతుంది. అతుకు నిలుస్తుందో లేదో చెప్పగలగడమే కష్టం, ఎందుకంటే హార్న్ పళ్ల గుర్తులు పైకి చక్కగా కనిపించినా లోపల పట్టు ఉండకపోవచ్చు. శక్తి చాలకపోతే అతుకు స్టిక్కర్‌లా శుభ్రంగా లేచి వస్తుంది. ఎక్కువైతే పై రేకులు అంచుల వెంట చిరుగుతాయి. పీల్ పరీక్షలో ఒలిచినప్పుడు అతుకు ఊడకుండా పక్కనున్న రేకే చినిగి, ముక్క ట్యాబ్‌కు అంటుకుని మిగిలితే పట్టు ఉన్నట్టు. కానీ ఒలిచిన ముక్క మళ్లీ పనికిరాదు కనుక ఈ పరీక్ష నమూనాలకే చెల్లుతుంది. మిగతా వాటికి మెషిన్ నమోదు చేసే శక్తి, సమయం, దొంతర అణగిన ఎత్తు చూసి తేడా పసిగట్టాలి, కరెంటుకు రెండు, వోల్టేజీకి రెండు తీగలు వాడే నాలుగు తీగల పద్ధతిలో మైక్రో ఓమ్‌ల (ఓమ్‌లో పది లక్షల వంతుల) నిరోధం కొలవాలి. పట్టులేని చోట నిరోధం పెరిగి వేడి ఎక్కువ పుడుతుంది. కరెంటు రెట్టింపైతే అదే అతుకు దగ్గర పుట్టే వేడి నాలుగింతలవుతుంది కాబట్టి, పట్టులేని అతుకు ఒక్కటున్నా ప్యాక్ మొత్తానికీ ముప్పే.

రాష్ట్రంలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రాంతాల కేంద్రాల్లో ఈ వెల్డింగును, దాని పరీక్షలను కలిపి నేర్పాలి. పాలిటెక్నిక్‌లలో యూటీఎం (లోహాన్ని లాగి బలం కొలిచే యూనివర్సల్ టెస్టింగ్ మెషిన్) ఉంది కదా అనవచ్చు. అది ఇనుప కడ్డీలను తెంచే, టన్నుల లెక్క చూసే యంత్రం, రేకు అతుకుకు న్యూటన్లలో చదివే చిన్న యంత్రం కావాలి. వెల్డింగ్ మెషిన్ ఖరీదైనదైతే ఉమ్మడి జిల్లాకు ఒకటి చాలు, కానీ మైక్రో ఓమ్ మీటరు, మైక్రోస్కోపు మాత్రం ప్రతి కేంద్రంలోనూ ఉండాలి. వచ్చే అడ్మిషన్లకు ముందే ఉపాధి, శిక్షణ శాఖ అధికారులు దీనిపై స్పష్టత ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వెల్డింగ్ శిక్షకుడు,
మహబూబ్‌నగర్