బోటు తిరగబడకుండా చూసే బాధ్యత ఎవరిది?

అయ్యా,

పాపికొండల యాత్రకు బోట్లు మళ్లీ బయలుదేరుతున్నాయని, అందరికీ లైఫ్ జాకెట్లు ఇస్తున్నందున భయం అక్కర్లేదని అధికారులు చెప్పినట్లు గతవారం మీ పత్రికలో చదివాను. లైఫ్ జాకెట్ నీళ్లలో పడ్డ మనిషిని తేలుస్తుందే గాని బోటు తిరగబడకుండా ఆపలేదు. 2019లో గోదావరిపై కచ్చులూరు దగ్గర విహార బోటు మునిగిన ఘోరం తర్వాత కూడా ఈ సంగతి యంత్రాంగానికి పట్టకపోవడం బాధ కలిగిస్తోంది.

బరువు అడుగున ఉన్నంతసేపు ఒక పక్కకు ఒరిగిన బోటు తనంతట తానే నిలదొక్కుకుంటుంది. పాటలు, డ్యాన్సులు అంటూ జనాన్ని పై అంతస్తుకు ఎక్కించి, ఒడ్డున ఏదో కనబడగానే ఫొటోల కోసం అందరినీ ఒకే పక్కకు చేరనిస్తే ఆ శక్తి పోతుంది. అడుగున చేరిన నీరు కూడా ఒరిగిన వైపుకే పారి ఒరుగును పెంచుతుంది. ఆపైన వరద సుడి తగిలితే ఎంత అనుభవమున్న సరంగైనా చేయగలిగింది తక్కువ. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పారుతుండగా, 70 మందికి పైగా ఎక్కిన బోటును కదలనిచ్చారు. ఆనాడు 26 మంది బతికి బయటపడ్డారంటే కచ్చులూరు గిరిజనులు ప్రాణాలకు తెగించి పడవలేసుకుని వెళ్లడం వల్లనే.

అది మొదటిదీ కాదు. 2017 నవంబరులో కృష్ణా నదిపై ఫెర్రీ ఘాట్ దగ్గర తిరగబడిన బోటుకు అనుమతే లేదు. 2018 మేలో మంటూరు దగ్గర మునిగిన లాంచీలో, ఈదురుగాలికి జడిసి తలుపులు మూసుకుని కూర్చున్నవారు బయటపడే దారి లేక చనిపోయారు. అదే ఏడాది జూలైలో పశువుల్లంక వద్ద బడిపిల్లల పడవ, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి తిరగబడింది. ప్రతిసారీ జలవనరుల శాఖ, పర్యాటక శాఖ, పోర్టు అధికారులు బాధ్యతను ఒకరి మీద మరొకరు నెట్టుకోవడమే చూశాం.

విహారయాత్రల సంగతి అలా ఉంచితే, లంక గ్రామాలవారు రోజూ దాటే రేవులను ఎవరు పట్టించుకుంటున్నారు? మా వైపు ఒక రేవులో మోటారు సైకిళ్లు, ఎరువుల బస్తాలు, బడికి వెళ్లే పిల్లలు అన్నీ ఒకే పడవలో దాటుతాయి. లైఫ్ జాకెట్లన్నీ కట్టగట్టి తాడుతో బిగించి మూలన వేలాడదీశారు. ఆపదలో ఆ ముడి విప్పే వ్యవధి ఎవరికి ఉంటుంది? రేవు వేలంపాటలో వచ్చే సొమ్ము మీద ఉన్న శ్రద్ధ పడవ అడుగు చెక్కల మీద లేదు.

ప్రతి బోటు పక్కన బరువు హద్దు తెలిపే గీత రంగుతో కొట్టించి, అది నీట మునిగితే బోటును కదలనివ్వకుండా రేవులో ఒక ఉద్యోగిని నిలపాలి. ఎక్కేవారిని తలలు లెక్కపెట్టి ఎక్కించాలి. పై అంతస్తులో ఎందరుండవచ్చో అక్కడే రాసి అమలు చేయాలి. వరద ఎంత దాటితే బోట్లు కట్టివేయాలో ముందే ప్రకటించి, ఆ అంకెను రేవు బోర్డుపై రాయించాలి. పై ప్రమాదాలపై జరిపిన విచారణల నివేదికలను, వాటిపై తీసుకున్న చర్యలను ప్రభుత్వం ప్రజల ముందు పెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కోనసీమ