సర్పంచ్ ఫలితాలకు పార్టీల పట్టిక ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మన తెలంగాణలో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. ఆ మూడు రాత్రులూ టీవీల్లో, మర్నాడు పత్రికల్లో ఒకటే పట్టిక: కాంగ్రెస్‌కు ఇన్ని, బీఆర్ఎస్‌కు ఇన్ని, బీజేపీకి ఇన్ని, ఇతరులకు ఇన్ని. పరిషత్ ఎన్నికల వేడి ఊళ్లలో రాజుకోకముందే ఆ పట్టిక గురించి అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పరిషత్ ఎన్నికలు, అంటే ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు, పార్టీ గుర్తుల మీద జరుగుతాయి. అక్కడ పార్టీల లెక్క వేయడం సబబే. సర్పంచ్ ఎన్నిక అలా కాదు. గులాబీ బ్యాలెట్ మీద ఉంగరం, కత్తెర, బ్యాట్ లాంటి గుర్తులే ఉంటాయి. (కాగితం రంగు చూసి అందులోనూ పార్టీని వెతికేవాళ్లు మా ఊళ్లో ఉన్నారు, అది వేరే సంగతి.) ఊరి ఎన్నికలోకి పార్టీ రాకూడదనే చట్టం పార్టీ గుర్తులివ్వలేదు. ‘ఫలానా పార్టీ బలపరిచిన అభ్యర్థి’ అని రాసి మనమే దాన్ని లోపలికి పిలుస్తున్నాం. పైగా ఆ లెక్కకు ఆధారమేమిటి? ఎన్నికల సంఘం ఇచ్చేది గెలిచినవారి పేర్లే. పార్టీ లెక్క ఆయా పార్టీల ఆఫీసుల నుంచి వస్తుంది, ప్రతి ఆఫీసూ తనకు అనుకూలంగానే చెబుతుంది. ఇండిపెండెంటుగా గెలిచినాయన వారం తిరక్కుండా ఎమ్మెల్యే దగ్గర కండువా కప్పుకుంటే ఆ పట్టిక ఏమైనట్టు?

దీనివల్ల జరిగే నష్టం హైదరాబాద్‌లో కనబడదు. ఉదయం ఏడు నుంచి ఒంటిగంట దాకా పోలింగ్, రెండింటికి అదే బడిలో లెక్కింపు, పొద్దుగూకేసరికి ఫలితం, వెంటనే ఉపసర్పంచ్ ఎన్నిక. గెలిచినవాళ్ల డప్పులు ఓడినవాళ్ల ఇంటి ముందు నుంచే పోవాలి, ఊళ్లో వేరే బాట ఉండదు. అసెంబ్లీకి ఓడినాయన మనకు మళ్లీ ఐదేళ్లకు గానీ కనబడడు. సర్పంచ్‌కు ఓడినామె తెల్లారి అదే బోరింగు దగ్గర ఎదురుపడుతుంది, ఆమె పొలం గెట్టు గెలిచినామె పొలాన్ని ఆనుకునే ఉంటుంది. ఇద్దరి మధ్య పోటీ ఇద్దరి మధ్యే ఉంటే నెలకో రెండు నెలలకో చల్లారుతుంది. దానికి పార్టీ పేరు తగిలిస్తే, అసెంబ్లీలో ఎవరు ఎవరిని తిట్టినా ఆ రాత్రి వాట్సాప్ గ్రూపులో ఈ ఇద్దరి ఇళ్లవాళ్లూ మళ్లీ మాటలనుకుంటారు.

మాటలతోనే పోతుందా అంటే పోదు. 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్‌కూ ఉపసర్పంచ్‌కూ కలిపి చెక్ పవర్ ఇచ్చింది. 2019లో వచ్చిన పాలకవర్గాల్లో ఈ ఇద్దరూ చెరో పక్షమైన చోట సంతకం దగ్గరే బిల్లులు ఆగేవి. పంచాయతీ ట్రాక్టర్ డీజిల్‌కు, చెత్త ఎత్తే కార్మికుల జీతానికి పార్టీ ఏముంటుంది?

“అధికార పార్టీ మనిషి సర్పంచ్ అయితేనే నిధులొస్తాయి” అనేది ప్రతి ఊళ్లో వినబడే మాట. ఎమ్మెల్యే తెప్పించే సీసీ రోడ్ల విషయంలో అందులో కొంత నిజముందని నాకూ తెలుసు. కేంద్రం పంచాయతీలకిచ్చే ఆర్థిక సంఘం డబ్బు సంగతి మాత్రం అలా కాదు. 15వ ఆర్థిక సంఘం (2021–26) గ్రాంటులో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ కట్టిపెట్టారు, మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చన్నారు. సర్పంచ్ ఏ పార్టీ అని అక్కడెవరూ అడగరు, ఎన్నికైన పాలకవర్గం ఉందా లేదా అనే చూస్తారు. 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు మన పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతుల్లో ఉన్నప్పుడు కేంద్రం ఆ గ్రాంటు ఆపింది. అప్పుడు లైట్లు వెలగనిది మూడు పార్టీల వీధుల్లోనూ. అయినా దాని మీద మూడు పార్టీలవాళ్లూ కలిసి మండల ఆఫీసుకు పోయి అడిగింది నేను చూడలేదు.

నేను మహిళా సంఘాల లెక్కలు రాస్తాను. ఒక్కో సంఘంలో పది పన్నెండు మంది, అన్ని పార్టీల ఇళ్ల నుంచీ ఉంటారు. బ్యాంకు అప్పు సంఘం పేరున ఉంటుంది కాబట్టి ఒకరు కిస్తీ కట్టకపోతే అందరికీ ఇబ్బంది. ఓట్ల నెలలో కూడా మీటింగు ఆగలేదు. ఒకరి మొగుడు ఇంకొకరి మొగుడి మీద ప్రచారం చేస్తున్నా, ఆ ఇద్దరాడోళ్లూ పక్కపక్కన కూర్చొని పుస్తకంలో సంతకం పెట్టారు. వాళ్ల మధ్య ప్రేమ పొంగి కాదు, లెక్క ఉమ్మడిది గనుక.

అట్లని అందరినీ ఏకగ్రీవం చేయమని నేననడం లేదు. పెద్దమనుషులు గుడి దగ్గర కూర్చొని పదవిని వేలం వేసి, ఎక్కువ పాడినవాళ్లకు కట్టబెట్టిన వార్తలు చూశాం. దాన్ని ఐకమత్యమంటే నేనొప్పుకోను. పోటీ ఉండాలి, ఓటు పడాలి.

మీకు నా మనవి ఇది. వచ్చేసారి పంచాయతీ ఫలితాలు వేసేటప్పుడు పార్టీల పట్టిక తీసేయండి. ఆ జాగాలో గెలిచినవారు ఊరికి ఏం చేస్తామన్నారో వేయండి. చట్టం ప్రకారం రెండు నెలలకోసారి జరగాల్సిన గ్రామసభ ఏ ఊళ్లో జరిగింది, ఎక్కడ రిజిస్టరులో మాత్రమే జరిగింది అనేది మీ మండల విలేకరి రాస్తే ఇంకా మేలు. పరిషత్ ఎన్నికల్లో పార్టీల లెక్క వేసుకోండి గానీ, అభ్యర్థులందరినీ ఒకే ప్రశ్న అడిగి జవాబులు పక్కపక్కన అచ్చేయండి: గెలిచాక మీకు ఓటెయ్యని వీధిలో మొదట ఏ పని చేస్తారు?

ఉత్తరం వేస్తే నా పేరు మాత్రం వేయకండి. ఊళ్లో ఉత్తరం చదవకముందే నేను ఏ పార్టీ అని వెతుకుతారు.

ఒక పాఠకురాలు,
నల్లగొండ జిల్లా