మేజిక్ ట్రిక్కులు వేస్తున్నారు సరే, మ్యాట్ గురించి కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారమండి,

మీ ఆదివారం పిల్లల పేజీలో అప్పుడప్పుడు పేకముక్కల ట్రిక్కులు, కాయిన్ ట్రిక్కులు వేస్తున్నారు, బాగుంటున్నాయి, మా పాలకొల్లు వైపు పిల్లలు ఆ ముక్క కత్తిరించి దాచుకుంటున్నారు కూడా. కానీ ఆ ట్రిక్కు దేనిమీద చెయ్యాలో మాత్రం ఎక్కడా రాయట్లేదండి. సన్‌మైకా టేబుల్ మీద పదిరూపాయల బిళ్ళ పెట్టి తియ్యమనండి, గోరు పెట్టి గీకాలి, లేకపోతే టేబుల్ అంచుదాకా లాక్కొచ్చి కింద పట్టుకోవాలి, అక్కడే చూసేవాళ్ళకి అనుమానం వచ్చేస్తుంది. అదే మేజిక్ మ్యాట్, అంటే మెత్తని రబ్బరు మీద గుడ్డ అతికించిన చిన్న పట్టా మీదైతే, వేలికొసతో బిళ్ళని ఒకపక్క కొంచెం నొక్కితే చాలు, ఆ అంచు మెత్తగా కిందకి దిగి రెండో అంచు దానంతటదే పైకి లేస్తుంది, బొటనవేలు దానికిందకి దూరిపోతుంది, చప్పుడు కూడా రాదు. ఇది తెలీక పిల్లలు మా చేతులు తిరగట్లేదు అనుకుని మానేస్తున్నారు, నా బాధంతా అదే.

పట్టాభిరాం గారి స్టేజీ షోలు చూసి పెరిగిన మా వయసువాళ్ళకి మేజిక్ అంటే పెద్ద స్టేజీ, లైట్లు. ఇప్పటి పిల్లలు ఫోన్లో చూసి నేర్చుకునేది క్లోజప్, ఎదురుగా మూరెడు దూరంలో కూర్చున్నవాళ్ళ కళ్ళముందు చేసేది. మన సంతల్లో గారడీవాళ్ళు కూడా కప్పులూ బంతులూ ఆడించేముందు నేలమీద గుడ్డ పరుచుకునేవాళ్ళు కదండీ. ఇంకోటి, మన జిల్లాల్లో ఇంట్లో పేక కనపడితే పెద్దాళ్ళు అరుస్తారు, ఎందుకో అందరికీ తెలుసు. ఒక మ్యాట్ పరిచి దానిమీద ముక్కలు వేస్తే ఇది డబ్బులాట కాదు విద్య అని వాళ్ళకీ చూడగానే తెలుస్తుంది, నేను చాలా ఇళ్ళల్లో చూశాను.

కొనేటప్పుడు ఏం చూడాలంటే, కింద ఉండేది నియోప్రీన్ రబ్బరు అయితే మంచిది, ఈతగాళ్ళు వేసుకునే వెట్‌సూట్లు దాంతోనే చేస్తారు, సుమారు 5 మిల్లీమీటర్ల మందం ఉంటే సరిపోద్ది. బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలితే గుంట వెంటనే పైకి రావాలి, అలా గుంట పడి ఉండిపోయింది అంటే అది మామూలు ఫోమ్, కొన్నాళ్ళకి అణిగిపోతుంది. పైన గుడ్డ పొట్టి నూగున్న వెల్వెట్ లాంటిదైతే నాకు ఇష్టం. నూగు పొడుగ్గా ఉంటే ముక్కలు వరసగా పరిచేటప్పుడు మధ్యలో పట్టేస్తాయి, మరీ నున్నగా ఉంటే ఆగకుండా జారిపోతాయి. పరిచిన వరసలో చివరి ముక్క ఎత్తి తిప్పితే మొత్తం వరస అలలా తిరగబడాలి, అన్నిటికంటే మంచి పరీక్ష అదేనండి. ఫెల్ట్, అంటే నెయ్యకుండా పోగుల్ని అణిచి చేసే గుడ్డ, చవక గానీ కొన్నాళ్ళకే ఉండలు కడుతుంది, పిల్లలకైతే వద్దంటాను.

సైజుల్లో 11 అంగుళాలకి 16 అంగుళాలది బ్యాగులో పట్టేస్తుంది, 16కి 23 ది కూర్చుని చేసేవాళ్ళకి. నేర్చుకునే పిల్లలకి చిన్నదే చాలు. అందరూ నలుపే కొంటారు గానీ ఫంక్షన్ హాల్లో వీడియో లైటు పడిందంటే నలుపు మీద ప్రతి దూదిపోగూ కనపడుతుంది, ముదురు ఆకుపచ్చో మెరూనో నయం.

కొనలేనివాళ్ళకి ఒక దారి ఉందండి. కంప్యూటర్ గేములు ఆడేవాళ్ళు టేబుల్ నిండా వేసుకునే పెద్ద మౌస్‌ప్యాడ్లు దొరుకుతున్నాయి, అవీ రబ్బరు మీద గుడ్డ అతికించినవే. 900కి 400 మిల్లీమీటర్ల సైజుది తీసుకుంటే దాదాపు 35 అంగుళాలకి 16 అంగుళాలు, స్టీలు స్కేలు పెట్టి పదునైన బ్లేడుతో కోస్తే పెద్దది ఒకటి చిన్నది ఒకటి వస్తాయి, లేదా చిన్నవే మూడు, ముగ్గురు పిల్లలు కలిసి కొనుక్కోవచ్చు. కోసిన వైపు అంచు కుట్టు పోతుంది, అక్కడ గుడ్డ లేవకుండా దర్జీ చేత సన్న పట్టీ వేయించుకుంటే సరి. మందం కాస్త తక్కువ కాబట్టి బిళ్ళ అంత తేలిగ్గా లేవదు, కానీ ముక్కలు చక్కగా పరుచుకుంటాయి. నచ్చిన వెల్వెటే కావాలంటే రాజమండ్రి తాడితోట బట్టల మార్కెట్ ఉండనే ఉంది, కొనేముందు చేత్తో రాసి నూగు ఎంతుందో చూసుకోండి.

పెళ్ళిళ్ళలో చేసేవాళ్ళకి ఒక మాట. హాలువాళ్ళు టేబుల్ మీద శాటిన్ గుడ్డ కప్పుతారు, దానిమీద మ్యాట్ వేస్తే మ్యాట్ రబ్బరు శాటిన్‌ని పట్టుకుంటుంది గానీ శాటిన్ టేబుల్‌ని పట్టుకోదు, మ్యాటూ గుడ్డా కలిసే జారతాయి. అడిగి ఆ గుడ్డ కొంచెం వెనక్కి మడిపించుకుని చెక్కమీదే వేసుకోవాలి.

ఇక అసలు సంగతి వానాకాలం. ఫోన్లో వీడియోలు పెట్టేవాళ్ళు ఎక్కడెక్కడి పొడిగాలి ఊళ్ళవాళ్ళో, చుట్టి కవర్లో పెట్టి దాచుకోండి అంటారు. కాలవల మధ్య ఉండే మనకి అది కుదరదు. రబ్బరు పెద్దగా తడి పీల్చదు, పైన గుడ్డ పీలుస్తుంది, ప్లాస్టిక్ కవర్లో పెట్టామంటే ఆ తడి పోయే దారి లేక బూజు పట్టేస్తుంది, ముక్కిన వాసన వస్తుంది. వాడాక అరగంట ఫ్యాన్ కింద ఉంచి, పాత నూలు దుప్పటి ముక్కలో పెట్టి, బీరువాలో చదునుగా పడుకోబెట్టాలి, మీద బరువులు పెట్టకూడదు. చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పక్కన పడేస్తే మంచిది. కలరా ఉండలు మాత్రం వద్దండి, ఆ వాసన గుడ్డలో ఉండిపోతుంది, ఎదురుగా కూర్చున్నవాళ్ళు ముక్కు మూసుకుంటారు. ఎండలో ఆరేస్తే రంగు వెలిసిపోతుంది, జిగురు వదిలి బుడగలు లేస్తాయి, ఇస్త్రీ అయితే అస్సలు వద్దు.

బస్సులో తీసుకెళ్ళాలంటే మడత పెట్టొద్దు, ఆ గీత ఒకసారి పడితే సామాన్యంగా పోదు, ముక్కలు అక్కడే తట్టుకుంటాయి. బట్టల షాపులో తాను అయిపోయాక మిగిలే అట్ట గొట్టం అడిగితే ఇస్తారు, నూగు వైపు బయటికి ఉండేలా దానికి వదులుగా చుట్టాలి. అలా చుడితే పరిచినప్పుడు మూలలు పైకి లేవకుండా టేబుల్‌ని అంటుకుని ఉంటాయి.

మరకల సంగతి మన ఫంక్షన్లకి వెళ్ళేవాళ్ళకే తెలుస్తుంది, పిల్లలు పూతరేకులు తిన్న చేత్తోనే ముక్క తియ్యడానికి వస్తారు, వాళ్ళనేం అనలేం. కాజా పాకమైతే నీళ్ళకి కరిగిపోయేది కాబట్టి తడిగుడ్డతో అద్దితే పోతుంది, రుద్దితే మాత్రం నూగు చెదిరిపోతుంది. నెయ్యి నీళ్ళకి పోదు, దానిమీద ముఖానికి రాసుకునే పౌడర్ చల్లి రాత్రంతా వదిలేస్తే పీల్చేసుకుంటుంది, పొద్దున్నే మెత్తని బ్రష్షుతో నూగు వాలిన వైపే దులపాలి. అప్పటికీ మిగిలితే తడిగుడ్డకి ఒక్క చుక్క షాంపూ. వాషింగ్ మెషీన్లో వెయ్యకండి. రోజువారీ దుమ్ముకి పెయింటర్లు వాడే మాస్కింగ్ టేపు చేతికి జిగురు బయటికొచ్చేలా చుట్టుకుని పైపైన అద్దుకుంటూ పోతే చాలు.

ఇవన్నీ ట్రిక్కు రహస్యాలు కావు కాబట్టి బయట చెప్పడానికి ఏ అభ్యంతరమూ ఉండదు. వేసవి సెలవులొచ్చే లోపు మీ పిల్లల పేజీలో ఒక అరకాలమ్ దీనికి ఇప్పించండి, బిళ్ళ ఎలా నొక్కాలో ఒక బొమ్మ, మౌస్‌ప్యాడ్ ఎక్కడ కొయ్యాలో ఇంకో బొమ్మ వేస్తే ఇంకా మంచిది. వానల ముందు మళ్ళీ ఒకసారి ఆరబెట్టడం గురించి నాలుగు లైన్లు వెయ్యండి.

ఇట్లు,
ఫంక్షన్లలో క్లోజప్ మేజిక్ చేసే మీ పాఠకుడు,
పాలకొల్లు