నిద్రలో కాటేసే కట్లపాము

సంపాదకులకు,

వానలు మొదలయ్యాయి కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. నల్లగొండ జిల్లాలో పత్తి సాగు చేసే మా అన్నయ్యకు ఒక్కతే కూతురు. పదో తరగతిలోనే కట్లపాము కాటుకు పోయింది. సెలవులకు హైదరాబాద్ వస్తే సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బొమ్మ గడియారం ముందు నుంచి కదిలేది కాదు. ఇంకో గంట కొట్టేదాకా ఉందాం అత్తా అని నా కొంగు పట్టుకు లాగేది.

ఆ రాత్రి ఉక్కగా ఉందని నేల మీద చాప వేసుకుని పడుకుంది. తెల్లవారుజామున కడుపునొప్పి అంది. అజీర్తి అనుకుని వాము నమిలించారు. కాసేపటికి కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దముద్దగా వచ్చింది. మంత్రం వేయించి ఆసుపత్రికి చేర్చేసరికి ఊపిరి ఆగిపోయింది. ఒంటి మీద గాటు కనిపించలేదు. మా వదినను నేనెన్నడూ తప్పు పట్టను. ఆమెకు ఎవరు చెప్పారని?

కట్లపాము కాటుకు నొప్పి, వాపు పెద్దగా ఉండవు. విషం నరాల మీద పనిచేసి శ్వాసను ఆపేస్తుంది. విరుగుడు ఇంజెక్షను, అవసరమైతే వెంటిలేటరు వేళకు అందితే బతికించవచ్చు. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024లో ప్రణాళిక ప్రకటించింది. అయితే ఆ ఇంజెక్షను ఏ ఆరోగ్య కేంద్రంలో దొరుకుతుందో ప్రతి పంచాయతీ గోడ మీదా రాయించాలి. నేల మీద పడుకునేవారు దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకోవాలి. రెప్పలు వాలుతుంటే మంత్రాల జోలికి పోకుండా వెంటనే 108కు ఫోను చేయండి.

– ఒక మేనత్త, ఉప్పల్, హైదరాబాద్