ఇంటి దగ్గర చదువుకూ రాతకూ ఫోను సాయం

ప్రియమైన తల్లిదండ్రులకు, సంరక్షకులకు నమస్కారం.

పిల్లల చదువుకు ఫోను, ట్యాబు నిజంగా పనికొస్తాయా, లేక వాటిని దూరంగా ఉంచడమే మేలా అని మీలో చాలామంది అడుగుతున్నారు. అది చేతిలో ఉన్నంతసేపూ బిడ్డ నోరు, చెయ్యి, ఆలోచన పనిచేస్తున్నాయా లేదా అన్నదాన్ని బట్టే నేను జవాబు చెబుతాను. ఒకదాని వెనుక ఒకటి వాటంతటవే మొదలయ్యే వీడియోలను చూస్తూ కూర్చోవడం వేరు, అదే ఫోనులో తాను చదివిన పేరాను రికార్డు చేసుకుని శ్రద్ధగా వినడం వేరు.

అందుకే అన్నింటికన్నా ముందు వాయిస్ రికార్డరు గురించి చెబుతాను. దాన్ని వాడడానికి ఇంటర్నెట్టు అక్కర్లేదు, డబ్బు కట్టి కొనవలసిన యాప్ అంతకన్నా అక్కర్లేదు. పాఠంలోని నాలుగైదు వాక్యాలను బిడ్డ గట్టిగా చదివి రికార్డు చేయాలి; తరువాత పుస్తకంలో వాక్యాల కింద వేలు కదుపుతూ తన గొంతును తానే వినాలి. చదివేటప్పుడు మనసంతా అక్షరాలను కూడబలుక్కోవడం మీదే ఉంటుంది కాబట్టి ఏ ఒత్తును మింగేశారో, ఏ దీర్ఘాన్ని కురచ చేశారో, వాక్యం ముగియకముందే ఎక్కడ ఆగిపోయారో పిల్లలకు ఆ క్షణంలో తెలియదు. వినేటప్పుడు వాటిని పట్టుకునే తీరిక దొరుకుతుంది. దయచేసి మీరు తొందరపడి దిద్దకండి. తన తప్పును తానే కనిపెట్టిన బిడ్డ రెండోసారి చదవడానికి ఉత్సాహంగా ముందుకొస్తుంది, పదేపదే దిద్దించుకున్న బిడ్డ పుస్తకం మూసేయాలని చూస్తుంది. నెలకొక రికార్డింగును చెరిపేయకుండా దాచి ఉంచితే, కొన్నాళ్ల తరువాత తన చదువు ఎంత సాఫీగా సాగుతోందో బిడ్డకే వినిపిస్తుంది. చదవడం రాని తల్లిదండ్రులు కూడా ఈ పని చేయించగలరు, ఈ మాట నేను ప్రత్యేకంగా చెప్పదలచుకున్నాను. పక్కన కూర్చుని విని, "తరువాత ఏమైంది?", "అతను అలా ఎందుకు చేశాడు?" అని అడగడానికి అక్షరాలు రానవసరం లేదు.

చదవడానికి కథలు ఎక్కడ దొరుకుతాయన్నది తరువాతి ప్రశ్న. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన కథల వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో తెలుగు సహా అనేక భాషల బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి. వాటిని నాలుగు స్థాయిలుగా విభజించారు కాబట్టి మీ బిడ్డకు తగినవి ఎంచుకోవచ్చు. ఏ స్థాయి అన్న సందేహం వస్తే వయసును చూడకండి. ఒక పేజీలో నాలుగైదు మాటల దగ్గర ఆగిపోతుంటే ఒక మెట్టు కిందికి దిగండి, అందులో చిన్నతనమేమీ లేదు.

అయితే అన్నీ తెర మీదే చదివించకండి. 2000 నుంచి 2017 వరకు వచ్చిన 54 అధ్యయనాలను కలిపి పరిశీలించిన ఒక పరిశోధన 2018లో వెలువడింది. కథలు చదివినప్పుడు కాగితానికీ తెరకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు గాని, సమాచారం నిండిన పాఠాలను, ముఖ్యంగా సమయం పరిమితంగా ఉన్నప్పుడు, కాగితం మీద చదివినవారే మెరుగ్గా అర్థం చేసుకున్నారని అందులో తేలింది. కనుక కథలకు ఫోను సరే. సైన్సు, సాంఘిక శాస్త్రం పాఠాలకు పుస్తకమే ఉండనివ్వండి.

రాత విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఇంగ్లీషు అక్షరాలు నొక్కి తెలుగు రాబట్టే పద్ధతి పెద్దలకు సౌకర్యమే గాని, గుణింతాలు ఇంకా కుదురుకోని పిల్లలకు అది మేలు చేయదు, ఎందుకంటే ఒత్తునూ దీర్ఘాన్నీ వారి బదులు యంత్రమే ఎంచుకుంటుంది. తెలుగు అక్షరాలే కనిపించే కీబోర్డును పెట్టి ఇవ్వండి. అందులో "అమ్మ" అని రాయాలంటే అ, మ, పొల్లు, మళ్లీ మ వరుసగా నొక్కాలి. ఒత్తు ఎలా ఏర్పడుతుందో అక్కడే తెలిసివస్తుంది. మాట పూర్తికాకముందే సూచనలు చూపించే సదుపాయాన్ని సెట్టింగులలో ఆపివేయండి. దూరాన ఉన్న తాతయ్యకో పిన్నికో వారానికొకసారి నాలుగు వాక్యాల సందేశం రాయించండి. జవాబు వస్తుందని తెలిసిన పిల్లలు అక్షరదోషాలను తామే వెతుక్కుంటారు.

చెప్పడానికి ఎంతో ఉండి కూడా రాయడానికి చెయ్యి సాగని పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వారికి వాయిస్ టైపింగు మంచి ఆసరా. బిడ్డ తన కథను నోటితో చెప్పి, తెర మీద వచ్చినదాన్ని చదివి, యంత్రం తప్పుగా విన్న మాటలను దిద్ది, వాక్యాలను విడదీసి, చివరకు నోటుపుస్తకంలో తన చేత్తో రాసుకోవాలి. ఈ ఆఖరి పనిని మాత్రం ఎప్పుడూ వదిలేయనివ్వకండి. అక్షరం ఆకారం చేత్తో దిద్దినప్పుడే గట్టిగా గుర్తుంటుంది. వ్యాసాన్ని పూర్తిగా రాసిచ్చే ఏఐ యాప్‌లను హోంవర్కుకు వాడనివ్వవద్దని మనవి, వాటితో వచ్చిన వ్యాసంలో బిడ్డ ఆలోచన ఏదీ ఉండదు.

సమయం సంగతి కూడా చెప్పాలి. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు కదలకుండా కూర్చుని తెర చూసే సమయం రోజుకు ఒక గంట మించకూడదని, ఎంత తక్కువైతే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది; బడికి వచ్చే పిల్లల తమ్ముళ్లూ చెల్లెళ్లూ పక్కనే కూర్చుని అదే తెర చూస్తుంటారు కాబట్టి ఇది గుర్తుంచుకోండి. బడి పిల్లలకు నా సలహా ఏమిటంటే, చదువు పనికి ఇరవై నిమిషాలు చాలు. అంతసేపూ నోటిఫికేషన్లు ఆపి, అందరూ ఉండే గదిలోనే కూర్చోబెట్టండి.

తదుపరి తల్లిదండ్రుల సమావేశానికి వచ్చేటప్పుడు మీ బిడ్డ చదివిన రెండు రికార్డింగులను, ఒకటి ఈ వారంలోది, మరొకటి సమావేశానికి ముందు రోజుది, వెంట తీసుకురండి; తరగతి ఉపాధ్యాయులు మీతో కలిసి విని, తరువాత ఏం చదివించాలో చెబుతారు. ఫోను ఇవ్వడం వీలుకాని ఇళ్ల పిల్లలకు బడి ముగిశాక గ్రంథాలయంలోనే రికార్డు చేసుకునే ఏర్పాటు చేస్తాం. తరగతి ఉపాధ్యాయులకు ఒక్క మాట చెప్పండి, కారణం ఎవరూ అడగరు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు